‘బుక్’ అన్నారు, డబ్బు వేయలేదు
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం... ఈసారి ఒడిశా వైపు సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చిన ఉత్తరాల గోడు ఇంచుమించు ఒకటే. వాట్సాప్‌లోనో ఇన్‌స్టాలోనో సరుకు పెట్టాం, కొంటామన్నారు, డబ్బు రాలేదు. జవాబుల్లోకి వెళ్లేముందు ఒక్క మాట. డబ్బు వేయనివాళ్లంతా ఒకే కోవ కాదు. మనసు మారినవాడు వేరు. చేతిలో డబ్బాడక నాన్చేవాడు వేరు. సరుకు నచ్చలేదని ఆపినవాడు వేరు. మొదటి నుంచీ నామం పెట్టే ఉద్దేశంతో వచ్చినవాడు వేరు. మొదటివాడి మీద కేసు పెడతామంటే పోలీసులు నవ్వుతారు. చివరివాడికి రిమైండర్లు పంపుతూ కూర్చుంటే వాడే నవ్వుతాడు.

ప్రశ్న: బరంపురం పట్టుచీరలు ఇన్‌స్టా లైవ్‌లో, వాట్సాప్ గ్రూపులో అమ్ముతాం. ‘బుక్’ అని పెడతారు, తర్వాత వారం రోజులు పలకరు. ఈలోగా అడిగినవాళ్లందరికీ ‘అయిపోయింది’ అని చెప్పేస్తున్నాం. ఆ చీర వేరేవాళ్లకు అమ్మేయొచ్చా? ఒకామె 500 అడ్వాన్సు కూడా వేసింది. అది వెనక్కివ్వాలా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: అమ్మేయొచ్చు. అయితే పొరపాటు ‘అయిపోయింది’ అన్న మాట దగ్గరే జరిగింది. డబ్బు పడనంత వరకూ ఆ చీర అయిపోలేదు, ఆపి ఉంచారంతే. గ్రూపులో కూడా అలాగే రాయండి: ‘హోల్డ్‌లో ఉంది, సాయంత్రం 6 తర్వాత అడగండి’ అని. రెండో మనిషి, మూడో మనిషి పేర్లు వరసలో రాసుకోండి. మొదటామె రాకపోతే ఆ చీర అదే సాయంత్రం రెండో ఆమెకు పోతుంది. వారం ఆగితే రెండో ఆమెకూ మోజు తీరిపోతుంది. ఒడిశా రజ పండగకో సంక్రాంతికో పెట్టిన సరుకైతే పండగే దాటిపోతుంది.

గడువు గంటల్లో చెప్పాలి. ‘త్వరగా వేయండి’ అన్నది గడువు కాదు. లైవ్‌లో ఒక్కటే ఉన్న చీరకు 2 గంటలు, పాత ఖాతాదారులకు 24 గంటలు, రాత్రి 9 దాటాక బుక్ చేసినవాళ్లకు మర్నాడు ఉదయం 10 దాకా ఇస్తే సరిపోతుంది. ప్రతి చీరకూ ఒక నంబరు వేసి, కాగితం ముక్క మీద రాసి, చీర పక్కన పెట్టి చూపించండి. ‘ఆ మెరూన్ అంచుది’ అన్న గుర్తు మీద బుకింగులు తీసుకుంటే ఒకే చీర కోసం ఇద్దరు కొట్టుకుంటారు, మధ్యలో మాటపడేది మీరు.

బుక్ చేసిన వెంటనే విడిగా ఒక మెసేజ్ వెళ్లాలి: ‘చీర నం. 14. ధర 6,800, కొరియర్ 120, మొత్తం 6,920. ఈ రోజు సాయంత్రం 6 లోగా వేయండి. లేకపోతే హోల్డ్ తీసి వేరేవారికి అమ్ముతాం.’ ఒడియా కొనుగోలుదారైతే వాళ్ల భాషలో, వాళ్ల లిపిలోనే పెట్టండి: ‘ఆజి సంధ్యా ఛఅటా సుద్ధా టంకా పఠాంతు’ (ఈ రోజు సాయంత్రం 6 లోగా డబ్బు పంపండి). తెలుగు చదవడం రాలేదని తర్వాత సాకు చెప్పడానికి చోటుండదు. గడువుకు గంట ముందు ఒక్క రిమైండర్ చాలు. అయిదు పంపితే మీరే తొందరలో ఉన్నారనుకుని బేరం మొదలుపెడతారు. 6 దాటాక ‘నం. 14 హోల్డ్ తీసేశాం’ అని రాసి, రెండో ఆమెకు ఫోన్ చేయండి.

ఆ మెసేజ్‌లోని చివరి వాక్యం ఉత్త మర్యాద కోసం కాదు. సరుకుల అమ్మకాల చట్టం (1930) 54వ సెక్షన్ ప్రకారం, డబ్బు అందని అమ్మకందారు మళ్లీ అమ్మేస్తానని ముందు తెలియజేసి, సరిపడా సమయం ఇచ్చి అమ్మితే, తక్కువ ధరకు పోయినా ఆ నష్టం మొదటి కొనుగోలుదారు నుంచి అడగొచ్చు. ఎక్కువ ధర వస్తే ఆ లాభం మీదే. తెలియజేయకుండా అమ్మితే నష్టం అడిగే హక్కు పోతుంది, లాభం వస్తే అదీ ఆమెకు చెందుతుంది. చెడిపోయే సరుకుకు ఈ నోటీసు అక్కర్లేదు. ఒక్క చీర నష్టం కోసం ఎవరూ కోర్టుకెక్కరనుకోండి. కానీ ఆమె వచ్చి ‘నా చీర ఎలా అమ్మేశారు’ అని గ్రూపులో గొడవపడితే, మీ చేతిలో ఆ మెసేజ్ ఉంటుంది.

ఇక ఆ 500. అడ్వాన్సు తిరిగి రాదని, ఎంతలోగా మిగతాది వేయాలో ముందే చెప్పి ఉంటే, అది మీ నష్టానికి తగినంత మొత్తమే అయితే, ఉంచుకోవచ్చు. 6,800 చీరకు 500 అంటే సమంజసమే. అదే 4,000 తీసుకుని మొత్తం మింగేస్తామంటే చట్టం ఒప్పదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ సమంజసమైన పరిహారం దాకానే ఇస్తుంది. ముందు చెప్పకపోతే నిజంగా అయిన ఖర్చు మినహాయించుకుని వెనక్కివ్వడమే మర్యాద.

పెళ్లికొడుకు కోసం నేయించే పట్టు జోడు లాంటి ఆర్డర్లకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. ముహూర్తం దాటితే ఆ కొలతకు, ఆ రంగుకు వేరే గిరాకీ దొరకదు. మగ్గం ఎక్కకముందే సగం, పూర్తయిన ఫొటో చూపించాక మిగతా సగం, ఆ తర్వాతే పార్సిల్. సగం ఎందుకంటే దారం, కూలి కలిపి కనీసం అంత అవుతుంది గనక. ఆ అడ్వాన్సు ఇవ్వడానికి వెనకాడే మనిషి మిగతాది ఇవ్వడానికీ వెనకాడతాడు.

ప్రశ్న: పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు గ్రూపులో వేలం వేస్తాం. పాడుకున్నాయన తెల్లారేసరికి ‘వద్దు’ అన్నాడు. నిలదీయొచ్చా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మీరు ‘అమ్ముడైంది’ అని ప్రకటించకముందే వద్దంటే ఆయనకా హక్కుంది. వేలంలో పాట ముగిసిందని ప్రకటించేదాకా ఎవరి పాటనైనా వాళ్లు వెనక్కి తీసుకోవచ్చని సరుకుల అమ్మకాల చట్టం 64వ సెక్షన్ చెబుతుంది. అందుకే ముగింపు సమయం ముందే రాసి, ఆ నిమిషానికి ‘నం. 3, ఫలానా వారికి, 2,400’ అని పెట్టేయండి. ఆ తర్వాత వద్దంటే ఒప్పందం తప్పినట్టే.

రెండో ఆయనకు ఇవ్వచూపేటప్పుడు ఆయన ఆఖరి పాట ధరే అడగండి, మొదటాయనది కాదు. మొదటాయన పాట నిజమైనదో కాదో తెలియకుండా ఆయన ధర రెండో ఆయన నెత్తిన వేస్తే, ధర పెంచడానికి మీరే మనిషిని పెట్టారని అంటారు. అలా ఉత్తుత్తి పాట పాడిస్తే కొన్నవాళ్లు అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు కూడా.

ప్రశ్న: ఇంట్లో చేసిన పచ్చళ్లు, అప్పడాలు క్యాష్ ఆన్ డెలివరీ మీద ఆంధ్రా ఊళ్లకు పంపుతున్నాం. పార్సిల్ వెళ్లాక ఫోన్ ఎత్తరు, సరుకు తిరిగొస్తుంది. రానుపోను కొరియర్ మేమే కట్టుకుంటున్నాం. మానేయమంటారా?
– ఒక పాఠకురాలు, ఛత్రపురం

జవాబు: పచ్చడికి మానేయడమే మంచిది. చీర తిరిగొస్తే మళ్లీ అమ్మొచ్చు. పది రోజులు గోడౌన్లలో తిరిగిన ఆవకాయ సీసా అమ్మలేరు, అప్పడాల కట్ట పొడి పొడి అవుతుంది.

లెక్క వేసి చూడండి. పోను 90, రాను 90, ప్యాకింగ్ 30, కిలో పచ్చడి తయారీ 250 అనుకుంటే ఒక్క రిటర్నుకు 460 పోయినట్టు. పదింట్లో రెండు తిరిగొస్తే 920. ఆ భారం డబ్బు కట్టిన ఎనిమిది మంది మీద పడితే తలకు 115. అంటే నిజాయితీగా కొన్నవాళ్ల దగ్గర కిలోకు 115 ఎక్కువ తీసుకోవాలి, లేదా మీ లాభంలోంచి పోవాలి. కొరియర్ వాళ్లు బరువు ఒక్కటే చూడరని కూడా గుర్తుంచుకోండి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలా కొరియర్లు 5,000తో భాగిస్తాయి. 25×20×15 పెట్టె అంటే 7,500, భాగిస్తే కిలోన్నర. లోపల సీసాతో కలిపి కిలో 300 గ్రాములే ఉన్నా కిలోన్నరకే చార్జీ. పెట్టె ఒక్క అంగుళం పెద్దదైనా రెండు వైపులా ఆ దెబ్బ తగులుతుంది.

పూర్తిగా మానలేకపోతే మధ్యస్తంగా ఒక దారి: రానుపోను కొరియర్ ఖర్చంత, అంటే 150 నుంచి 200, ముందే వేయించుకోండి. మిగతాది పార్సిల్ అందాక. ఆ కాస్త మొత్తం వేసినవాళ్లలో నూటికి తొంభై మంది తీసుకుంటారనో మరోటనో లెక్క చెప్పలేం గానీ, సరదాకు ఆర్డరు పెట్టేవాళ్లు అక్కడే ఆగిపోతారు. పంపే ముందు ఒక ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: ఇల్లు తెలిసే గుర్తు, ఇంట్లో ఉండే వేళ, ఇంకో నంబరు. పిన్‌కోడ్ తప్పకుండా సరిచూడండి. ఆంధ్రా పిన్‌లు 51, 52, 53తోనూ, ఒడిశావి 75, 76, 77తోనూ మొదలవుతాయి. సరిహద్దు పల్లెల్లో ఊరు ఒక రాష్ట్రం, పిన్ ఇంకో రాష్ట్రం రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ పార్సిల్ తప్పు కేంద్రానికి వెళ్లి, నాలుగు రోజులు ఆలస్యమై, ఈలోగా కొన్నామె మనసు మారిపోతుంది. తప్పు ఆమెది కాదు, అడ్రసుది.

‘డెలివరీ ప్రయత్నించాం, కస్టమర్ లేరు’ అని ట్రాకింగ్‌లో పడిన రోజే కొన్నవాళ్లకు ఫోన్ చేయండి. చాలాసార్లు ఎవరూ వాళ్ల గుమ్మం తొక్కి ఉండరు. వెంటనే కొరియర్‌కు ఫిర్యాదు పెట్టి మళ్లీ ప్రయత్నించమని అడిగితే తిరుగు ప్రయాణం తప్పుతుంది. చాలా ఏజెన్సీ గ్రామాలకు ప్రైవేటు కొరియర్ బండి వెళ్లదు. అక్కడికి ముందే డబ్బు తీసుకుని స్పీడ్ పోస్టులో పంపడమే నయం. రెండుసార్లు తిప్పి పంపిన నంబరును ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. మూడోసారి ఆర్డరు వస్తే ‘ముందు డబ్బు’ అనండి, కారణం చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: పాత డైనింగ్ టేబుల్ 15,000కు అమ్మకానికి పెట్టాను. కొంటానన్నాయన డబ్బు పంపానని స్క్రీన్‌షాట్ పెట్టి, ఆటో పంపించి టేబుల్ తీసుకెళ్లిపోయాడు. ఖాతాలో ఏమీ పడలేదు. ‘సర్వర్ ప్రాబ్లమ్, రేపు పడుతుంది’ అన్నాడు, ఇప్పుడు ఫోన్ స్విచాఫ్. వారం క్రితం ఇంకొకాయన ‘పొరపాటున 50,000 వేశాను, 35,000 తిప్పి పంపండి’ అన్నాడు. అదీ ఇలాంటిదేనా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: రెండూ మోసాలే కావచ్చు. కానీ రెంటికీ మందు వేరు.

స్క్రీన్‌షాట్ డబ్బు కాదు. అచ్చు పేమెంట్ యాప్‌లాంటి నకిలీ యాప్‌లలో పేరు, మొత్తం టైపు చేస్తే పచ్చ టిక్కుతో ‘విజయవంతం’ అని వచ్చేస్తుంది, టింగుమని చప్పుడుతో సహా. మెసేజ్‌నూ నమ్మొద్దు. బ్యాంకు మెసేజ్ పదంకెల మొబైల్ నంబరు నుంచి రాదు. మీ బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్సు చూడండి, లేదా మినీ స్టేట్‌మెంట్ తీయండి. యూపీఐ చెల్లింపుకు 12 అంకెల రిఫరెన్సు నంబరు ఉంటుంది. ఆయన చెప్పిన నంబరు మీ స్టేట్‌మెంట్‌లో కనబడితేనే డబ్బు వచ్చినట్టు. నిజంగానే నెట్‌వర్క్ వల్ల ఆగినా, ఆగిన డబ్బు ఒకటి రెండు రోజుల్లో ఎటో ఒకవైపు తేలుతుంది. అంతదాకా టేబుల్ మీ ఇంట్లోనే ఉండాలి. వచ్చిన మనిషి ఎంత తొందరపెడితే అంత నెమ్మదిగా ఉండండి.

ఇప్పుడు చేయాల్సింది: ఆయన ఫోన్ నంబరు, చాటింగ్, స్క్రీన్‌షాట్, ఆటో నంబరు, వీలైతే పక్కింటి సీసీ కెమెరా ఫుటేజీ తీసి పెట్టుకుని స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. మోసానికి భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ వర్తిస్తుంది. ఫోన్, కంప్యూటర్ ద్వారా వేరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కూడా. ‘ఆయన పార్వతీపురం వాడు, అక్కడికెళ్లండి’ అంటే ఒప్పుకోకండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ నమోదు చేయించుకోవచ్చు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 ఈ కేసులో పెద్దగా అక్కరకు రాదు. అది మీ ఖాతాలోంచి పోయిన డబ్బును దారిలో ఆపడానికి. ఇక్కడ డబ్బు కదల్లేదు, పోయింది టేబుల్.

ఆ 50,000 విషయంలో ముందు బ్యాంకు యాప్‌లో నిజంగా పడిందేమో చూడండి. పడకపోతే ఉత్త అబద్ధం, నంబరు బ్లాక్ చేసి వదిలేయండి. నిజంగానే పడిందనుకోండి, మరింత జాగ్రత్త. అది వేరే ఎవరినో మోసం చేసి మీ ఖాతాలోకి మళ్లించిన డబ్బు కావచ్చు. ఆ బాధితుడు 1930కి ఫోన్ చేస్తే మీ ఖాతాలో అంత మొత్తం నిలిపేస్తారు, ఒక్కోసారి ఖాతా మొత్తం. మీరు ఆయన చెప్పిన ఇంకో నంబరుకు 35,000 పంపి ఉంటే ఆ సొమ్ము కూడా మీ నెత్తినే పడుతుంది. అందుకని మీరు స్వయంగా ఎవరికీ తిప్పి పంపొద్దు. బ్రాంచికి వెళ్లి, ‘ఈ తేదీన ఈ రిఫరెన్సుతో నాకు సంబంధం లేని మొత్తం పడింది, వచ్చిన ఖాతాకే వెనక్కి పంపండి’ అని రాసిచ్చి, ముద్ర వేయించుకోండి.

ఇంకోటి: డబ్బు అందుకోవడానికి క్యూఆర్ స్కాన్ చేయమన్నా, పిన్ నొక్కమన్నా ఫోన్ పెట్టేయండి. పిన్ నొక్కితే డబ్బు మీ నుంచి పోతుంది, రాదు. మిలటరీవాణ్ననీ, బదిలీ మీద వచ్చాననీ చెప్పి ఐడీ కార్డు ఫొటో పంపేవాళ్ల వల ఏళ్ల తరబడి పాతదే. అయినా ఇప్పటికీ చేపలు పడుతూనే ఉన్నాయి.

ప్రశ్న: కోరాపుట్ కాఫీ గింజలు మేమే వేయించి, పొడి చేసి, ప్యాకెట్లు కట్టి అమ్ముతాం. ఆన్‌లైన్‌లో పరిచయమైన విశాఖ దుకాణదారుకు 85,000 సరుకు అరువిచ్చి ఆరు నెలలైంది. ఒక చెక్కు ఇచ్చి ‘ఇప్పుడే వేయొద్దు’ అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: ముందు చెక్కు మీద తేదీ చూడండి. తేదీ నుంచి మూడు నెలల్లోగా బ్యాంకులో వేయకపోతే అది ఉత్త కాగితం. ‘ఇప్పుడే వేయొద్దు’ అన్న మాట వెనక చాలాసార్లు ఆ మూడు నెలలు దాటించే లెక్కే ఉంటుంది. గడువు దగ్గరపడితే మొహమాటపడకుండా వేసేయండి.

బౌన్స్ అయితే బ్యాంకు మెమో చేతికొచ్చిన 30 రోజుల్లో రాతపూర్వక నోటీసు పంపాలి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ రుజువు దాచండి. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే, ఆ తర్వాత నెల రోజుల్లో కోర్టులో ఫిర్యాదు వేయాలి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. జయపురం బ్రాంచిలో మీ ఖాతా ఉండి అక్కడే చెక్కు వేస్తే కేసు కూడా అక్కడి కోర్టులోనే నడుస్తుంది. విశాఖకు తిరగనక్కర్లేదు. 2015లో చట్టం మార్చి ఈ వెసులుబాటు తెచ్చారు. ఇంతా చేసి చాలామంది 31వ రోజున వకీలు దగ్గరకు వెళతారు.

చెక్కు లేకపోయినా దారులున్నాయి. మీరు సొంతంగా తయారు చేస్తున్నారు గనక చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే ‘ఉద్యమ్’ నమోదుకు అర్హులు. నమోదు ఉచితం. సరుకు పంపేనాటికే అది ఉండి ఉంటే, సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం (2006) ప్రకారం కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల లోపే కట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు ఇలాంటి బాకీలు తేల్చే ఒడిశా ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లోనే వేయొచ్చు, కొన్నవారు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. కొని అమ్మే వ్యాపారులకు మాత్రం ఇది వర్తించదు.

దుకాణదారు జీఎస్టీ నమోదు ఉన్నవాడైతే ఇంకో కిటుకు ఉంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో మీకు డబ్బు కట్టకపోతే, ఆ బిల్లు మీద తీసుకున్న పన్ను క్రెడిట్ (తన పన్నులోంచి తగ్గించుకున్న మొత్తం) వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. మీ లెక్కన ఆ గడువు నెత్తి మీదికే వచ్చింది. కోపంగా కాకుండా, బిల్లు నంబర్లు వేసి ‘180 రోజులు ఫలానా తేదీన నిండుతాయి, మీ ఆడిటరుతో ఒకసారి మాట్లాడండి’ అని రాయండి. బెదిరింపు కంటే ఆ వాక్యం బాగా పనిచేస్తుంది.

ఇదంతా బిల్లు ఉంటేనే. జయపురం నుంచి విశాఖకు పంపితే అది అంతర్రాష్ట్ర అమ్మకం. 40 లక్షల లోపు టర్నోవరుకు జీఎస్టీ నమోదు అక్కర్లేదన్న వెసులుబాటు ఇలాంటి అమ్మకానికి లేదు. చేతివృత్తుల సరుకుకు కొన్ని షరతులతో మినహాయింపు ఉంది గానీ కాఫీ పొడికి లేదు. పర్లాకిమిడి నుంచి పక్కనున్న పాతపట్నానికి పంపినా ఇదే లెక్క. ఊళ్లు కలిసున్నా రాష్ట్రాలు వేరు.

సివిల్ దావాకు గడువు సరుకు అందిన నాటి నుంచి మూడేళ్లు. అరువు గడువు ముందే మాట్లాడుకుని ఉంటే ఆ గడువు ముగిసిన నాటి నుంచి. ఆయన చేత ‘ఇంత బాకీ ఉన్నాను’ అని సంతకం పెట్టించుకుంటే ఆ మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్క. అయితే దావాకు ముందు జిల్లా న్యాయ సేవల సంస్థలో ప్రీ లిటిగేషన్ కింద లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టి చూడండి. కోర్టు ఫీజు లేదు, అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు తీర్పుతో సమానం, అప్పీలు కూడా ఉండదు. 85,000 లాంటి మొత్తానికి మా దృష్టిలో ఇదే సరైన మెట్టు. వాయిదాల మీద కడతానంటే ఒప్పుకోండి, కానీ తేదీలు రాయించుకుని.

ప్రశ్న: డబ్బు ఎగ్గొట్టినామె ఫొటో, నంబరు గ్రూపుల్లో పెట్టి ‘మోసగత్తె’ అని రాయొచ్చా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: వద్దు. మీకు రావాల్సింది రెండు వేలైతే, పరువు నష్టం కేసులో వకీలు ఫీజే అంతకు మించుతుంది. తోటి అమ్మకందారులు అడిగితే ‘మాకు ఫలానా తేదీ నుంచి బాకీ ఉంది’ అని ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చు. ఫొటో, ఆధార్ కాపీ, ఇంటి అడ్రసు మాత్రం ఎక్కడా పెట్టకండి. అన్నట్టు, ఇద్దరు ముగ్గురు ‘వినియోగదారుల ఫోరంలో వేయొచ్చా’ అనీ అడిగారు. అక్కడ వేసేది కొన్నవాళ్లు. సరుకు అమ్మినవాళ్లు డబ్బు కోసం అక్కడికి వెళ్లలేరు.

ప్రశ్న: పార్సిల్ బయల్దేరాక ‘ఇప్పుడు డబ్బు లేదు, అందాక వచ్చే నెల వేస్తాను’ అన్నారు. దారిలోంచి వెనక్కి తెప్పించొచ్చా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: డెలివరీ బాయ్ చేతికి వెళ్లకముందైతే వీలవుతుంది. పంపింది మీరే గనక కొరియర్ యాప్‌లో గానీ, బుక్ చేసిన బ్రాంచిలో గానీ ‘పంపినవారికి తిప్పండి’ అని పెట్టండి. స్పీడ్ పోస్టు అయితే బుకింగ్ రసీదుతో అదే పోస్టాఫీసుకు వెళ్లి రాతపూర్వక దరఖాస్తు ఇవ్వాలి, చిన్న రుసుము ఉంటుంది. ట్రాకింగ్‌లో ‘డెలివరీకి బయల్దేరింది’ అని పడ్డాక చేసేదేమీ ఉండదు. కాబట్టి ‘వచ్చే నెల’ అన్న మెసేజ్ చూసిన గంటలోనే ఫోన్ తిప్పండి, మర్నాడు దాకా ఆగకండి. బస్సులో వేసిన పార్సిలైతే దిగే ఊరి పార్సిల్ కౌంటరుకు ఫోన్ చేసి, మీ రసీదు నంబరు చెప్పి, మీరు చెప్పేదాకా ఇవ్వొద్దని అడగండి. అందుకే బస్సు పార్సిల్ రసీదు ఫొటో డబ్బు పడేదాకా కొన్నవాళ్లకు పంపకూడదు. ఆ నంబరు చూపించి పార్సిల్ పట్టుకుపోతారు.